పొయ్యి ఎవరి నిర్ణయం?
(బాలాపూర్ మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



కొత్త వంటింట్లోకి ఇండక్షన్ స్టవ్ కొనాలా అని అడిగారు. కొనేదెవరు, వండేదెవరు అన్నది నా మొదటి ప్రశ్న. 1999లో దీపం పథకం గ్యాస్ కనెక్షన్‌ని ఆడవాళ్ళ పేరున ఇచ్చింది. పొగ తగ్గింది గానీ, సిలిండర్ డబ్బులు చాలా ఇళ్ళలో మగవాళ్ళ చేతిలోనే ఉండిపోయాయి.

ఇండక్షన్‌కి పొగ లేదు, మంట లేదు. అయితే అయస్కాంతం అంటుకోని గిన్నెలు దానిమీద వేడెక్కవు. మన అల్యూమినియం గిన్నెలన్నీ మార్చాలి. 2,000 వాట్ల స్టవ్ గంట పూర్తిగా నడిస్తే 2 యూనిట్లు. గృహజ్యోతి ఉన్న ఇంట్లో నెలకు 200 యూనిట్లు దాటితే బిల్లు మొత్తం కట్టాల్సిందే. కరెంటు పోయి వంట ఆగితే మాటలు పడేది మనమే. అందుకే ఈ లెక్క మనమే వేసుకోవాలి, గ్యాస్ పొయ్యిని తీసేయొద్దు.

పొయ్యి కొత్తదైనా దానిముందు నిలబడేది ఎప్పటిలా మనమొక్కరమే అయితే, మారిందేమిటి?