ఆరోగ్యశ్రీ కార్డు కూడా అమానతే



సుబేదారిలో నేటి మన సమావేశానికి కారణం ఒక సోదరుడు మా ముందుంచిన ప్రశ్న. అతని భార్యకు శస్త్రచికిత్స అవసరమయింది. అతనికి ఆహారభద్రత కార్డు లేదు, తమ్మునికి ఉంది. మరదలి పేరుతో భార్యను ఆసుపత్రిలో చేర్చవచ్చునా అని అడిగాడు. ఈ ప్రభుత్వం మనకు ఇవ్వవలసినవెన్నో ఇవ్వలేదు కదా, ఇలా తీసుకుంటే తప్పేమిటని కూడా అన్నాడు.

వాణిజ్య బీమాను 1985లో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ నిషిద్ధమని, సహకార బీమాను ధర్మసమ్మతమని తీర్మానించింది. ఆరోగ్యశ్రీకి మనం ప్రీమియం కట్టము. 2007లో మొదలై, 2023 డిసెంబరులో తెలంగాణలో 10 లక్షల రూపాయలకు పెరిగిన ఈ సాయం ప్రజాధనం. అర్హులు నిస్సంకోచంగా తీసుకోవచ్చునని మా అవగాహన. అనర్హులకు అది ఇతరుల సొమ్ము.

ఖైబర్‌లో పంపకానికి ముందే సమష్టి ధనం నుంచి దుప్పటి తీసుకున్న ఒక సేవకుడు బాణం తగిలి మరణించాడు. జనం అతనిని అమరుడని కీర్తిస్తుండగా, ఆ దుప్పటే అతనిపై అగ్ని అవుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అది విని ఒకరు చెప్పుల పట్టీ తెచ్చి అప్పగించారు. చెప్పుల పట్టీ! మనం మాట్లాడుతున్నది లక్షల గురించి.

ఇక ప్రభుత్వంపై ఫిర్యాదు సంగతి. తన ప్రాణం తీయజూసిన మక్కావాసుల సొమ్మును వారికి అప్పగించడానికే దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి హిజ్రత్ చేశారు. సచార్ నివేదికను చూపి మన హక్కులు అడుగుతూనే ఉందాం. దొంగ పేరుతో చేరిన నోటితో ఎలా అడగగలం? పైగా మరదలి వైద్య రికార్డులో మరొకరి జబ్బు, మరొకరి మందులు నమోదవుతాయి. రేపు ఆమెకు వైద్యం చేసే డాక్టరు దేనిని నమ్మాలి?

కార్డు ఉన్నా ఆసుపత్రి అదనంగా డబ్బు అడిగితే మౌనం వహించడమూ సరికాదు. అక్కడి ఆరోగ్యమిత్రకు చెప్పండి, 104కు ఫోన్ చేయండి. చేయని చికిత్సకు సంతకం మాత్రం పెట్టకండి.

ఇప్పటికే పొరపాటు చేసినవారు తౌబా చేసుకోవాలి. సొమ్ము వాపసు ఇచ్చే దారి లేకపోతే అంత మొత్తాన్ని పుణ్యాపేక్ష లేకుండా పేదలకు ఇవ్వాలని ఉలమా చెబుతారు. వాయిదాలలోనైనా సరే.

ఆ సోదరునికి మేము చెప్పినది ఇది: ఆహారభద్రత కార్డుకు, ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేసుకోవాలి. అవి అందేలోగా మన జకాత్ ఉంది. ఆమె చికిత్స ఆమె పేరుతోనే జరగాలి. నమాజ్ తరువాత, ఇవ్వగలిగినవారు ఇక్కడే ఆగండి.