గట్టుమీది కలుపు – చేనిలోని తెగులు



2000వ సంవత్సరపు ఖరీఫు కాలమున అనంతపురము జిల్లాలో వేరుసెనగ పైరునకు గొప్ప ఉపద్రవము సంభవించెను. లేతాకులపై మచ్చలు పుట్టి, ఈనెలు మాడి, ఆ మాడు తొడిమల గుండ కాండమునకు దిగి, మొక్కలు నిలువునా ఎండిపోయెను. సుమారు 2,25,000 హెక్టార్లలో తెగులు వ్యాపించెను. నష్టము 300 కోట్ల రూపాయలకు పైబడినదని అంచనా వేసిరి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పరిశోధించి, దీనికి కారణము టొబాకో స్ట్రీక్ అను వైరసని తేల్చిరి. రైతులు దీనిని కాండపుకుళ్ళు తెగులని వ్యవహరించుచున్నారు.

పొగాకు పేరుగల రోగము వేరుసెనగకు వచ్చుట వింతగా తోచవచ్చును. మొదట పొగాకులో గుర్తింపబడినందున ఆ పేరు నిలిచినది గాని, దానికి ఆశ్రయమిచ్చు మొక్కలు పెక్కు కలవు. అసలు వైరసనగా నేమి? 1892లో రష్యా దేశీయుడగు ఇవనోవ్‌స్కీ, మొజాయికు అను మరియొక తెగులు సోకిన పొగాకు రసమును బాక్టీరియాలు దాటలేని పింగాణి వడపోతతో వడగట్టెను. ఆ వడగట్టిన రసము సైతము రోగమును కలిగించెను. 1898లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైజరింకు, ఆ రోగకారకము జీవకణములయందే వృద్ధిచెందునని గ్రహించెను. 1935లో అమెరికాలో స్టాన్లీ దానిని స్ఫటికరూపమున వేరుచేసెను. కడ్డీవలెనుండు ఆ మొజాయికు వైరసును వరుసగా పేర్చినచో, ఒక్క మిల్లీమీటరు పొడవున 3,000కు పైగా పట్టును. లోపల వంశసూత్రము, పైన మాంసకృత్తుల తొడుగు. దాని ఆస్తియెల్ల ఇంతియే.

ఇట్టి వైరసు తనంతట తాను మొక్కలో చొరజాలదు. వృక్షకణమునకు గట్టి గోడ కలదు. ఆ గోడకు గాయమైనగాని దారి దొరకదు. తెల్లదోమ, పేనుబంక, తామరపురుగు మున్నగునవి రసము పీల్చునప్పుడు ఆ దారి ఏర్పడును. లోనికి చేరిన వైరసు తొడుగు విడిచి, కణము తనకై అమర్చుకొన్న సాధనములతోనే తన ప్రతులను వేలకొలది తీయించుకొనును. పరుల ఇంట, పరుల కాగితముపై, పరుల కలముతో వ్రాయించుకొను దొంగ దస్తావేజు వంటిదది. పిమ్మట కణముల నడుమ నున్న సన్నని ద్వారములను వెడల్పు చేసికొని ప్రక్క కణమునకు ప్రాకును. ఆహారము ప్రవహించు నాళములను చేరినచో చిగురు మొదలు వేరు వఱకు వ్యాపించును.

అనంతపురమున ఆ దారి చూపినది వయ్యారిభామ. ఈ కలుపుమొక్క వైరసును కడుపున దాచుకొనియు పైకి రోగచిహ్నమేదియు చూపదు. పచ్చగా పెరిగి తెల్లగా పూయును. వైరసు దాని పుప్పొడిలో నుండును. ఆ పుప్పొడి గాలిచేతను, తామరపురుగుల మేని కంటుకొనియు వేరుసెనగ ఆకులపై పడును. తామరపురుగు ఆకును గీరి రసము పీల్చగా ఏర్పడిన గాయమున వైరసు ప్రవేశించును. అయితే తెగులు సోకిన వేరుసెనగనుండి ప్రక్కనున్న వేరుసెనగకు ఇది చెప్పుకోదగినంతగా ప్రాకదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కావున మాడిన మొక్కలను పెరికివేసినను ఫలము లేదు. పైగా ఆ ఖాళీలు తామరపురుగుల రాకపోకలకు అనుకూలించును. రైతు రోగమును చేనిలో వెదకుచుండగా, దాని నివాసము గట్టుమీదను, బాటప్రక్కను, బీడునేలలోను ఉండెను.

మొక్క నోరులేనిదే గాని నిస్సహాయురాలు కాదు. కొన్ని మొక్కలు వైరసు సోకిన చోటి కణములను తామే చంపుకొని, శత్రువును అచ్చటనే బంధించును. కులము నిలుచుటకై ఒకనిని విడువవలెనను పెద్దల నీతి వంటిదిది. నికోటియానా గ్లూటినోసా అను అడవి పొగాకులో ఈ గుణము ప్రసిద్ధము. ఇట్లు ఒక ఆకు పోరాడిన పిమ్మట, సోకని తక్కిన ఆకులకు సైతము రక్షణశక్తి పెరుగునని 1961లో రాస్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. మరియొక ఉపాయము కలదు. మొక్క వైరసు వంశసూత్రమును చిన్న తునకలుగా ఖండించి, ఆ తునకలనే ఆనవాలుగా పట్టుకొని తక్కిన ప్రతులను వెదకి నాశనము చేయును. ఆ తునకలను 1999లో ఇంగ్లండులో హామిల్టన్, బాల్‌కూంబ్ అనువారు కనుగొనిరి. వైరసులును ఊరకుండవు. ఈ ఖండనను అడ్డుకొను మాంసకృత్తులను పెక్కు వైరసులు తయారుచేసికొనును.

కావున ఒకసారి లభించిన రక్షణ శాశ్వతమని తలపరాదు. బెండలో ఈనెలు పసుపుబారు పల్లాకు తెగులు తెల్లదోమవలన వచ్చును. దానిని తట్టుకొనునట్టి పూసా సావని అను రకమును 1950లలో ఢిల్లీలో రూపొందించిరి. కొంతకాలమునకు అదియును తెగులునకు లొంగెను. పిమ్మట అడవి బెండ జాతులనుండి గుణమును గ్రహించి పర్భని క్రాంతి, అర్కా అనామిక మున్నగు రకములను తెచ్చిరి. వేరుసెనగ అడవి జాతులలో కొన్నింటియందు సైతము కాండపుకుళ్ళును తట్టుకొను గుణము కనబడినది.

వైరసు సోకిన పైరును బాగుచేయు మందు లేదు. అంగడిలో కొను మందు పురుగును చంపునే గాని, మొక్కలో చేరిన వైరసును చంపదు. వేరుసెనగకు చేయదగినది ముందుజాగ్రత్త యొక్కటే: తగిన మందుతో విత్తనశుద్ధి చేయుట, మొక్కలు పలుచబడకుండ ఒత్తుగా విత్తుట, చేను చుట్టును జొన్న గాని సజ్జ గాని కొన్ని సాళ్ళు వేయుట, అన్నిటికంటె ముఖ్యముగా వయ్యారిభామను పూత రాకముందే పెరికివేయుట. అది కొందఱి చర్మమునకు దురద, పుండ్లు కలిగించును గనుక చేతులకు తొడుగులు ధరింపవలెను.

సర్వేరాయి మనుష్యులకు హద్దు గాని పుప్పొడికి కాదు. పదిమంది తమ గట్లను శుభ్రపఱచి, పోరంబోకు ఎవరిదియు కాదని విడిచినచో, ఆ పదిమంది శ్రమయు వ్యర్థమగును. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్లు ఒక్కరు మానినను ప్రక్కచేను నష్టపడును. ఎవరి పట్టాలోను లేని నేలయే అందఱి పైరును కాపాడవలసిన నేల. తొలకరికి ముందొక దినమున ఊరివారందఱు కూడి బాటప్రక్కలను, చెరువుగట్టును, బడి ఆవరణను శుభ్రపఱచుకొందురుగాక. గ్రంథాలయమున చదివిన చదువు గట్టువఱకు నడచినప్పుడే అది ఊరికి ఫలమిచ్చును.