అరికాలు చెప్పు మాట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనరాదని సామెత. నోటిమాట బరువును తెలుపుటకు పెద్దలు చెప్పిన మాట యిది. కాలి విషయములో మాత్రము దీనిని అక్షరాల నమ్మరాదు. కాలిని సకాలమున చూచుకొననిచో, తీసికొనుట అటుండగా, దానిని తీసివేయవలసిన దుస్థితియే ఒక్కొక్కప్పుడు వచ్చును.

హైదరాబాదులో తార్నాక కూడలి నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములోనికి తెల్లవారుజామున వెళ్ళినవారికి ఒక చక్కని దృశ్యము కానవచ్చును. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల రాతిభవనము ముందు యువకులు పరుగెత్తుచుందురు. ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు మెల్లగా నడచుచుందురు. పల్లెల నుండి చదువులకై పోయిన బిడ్డలు నడచునదియు ఆ త్రోవలలోనే. నడక మేలని అందరికిని తెలియును. నడిపించు పాదమును గూర్చి తలచువారు తక్కువ. 26 ఎముకలతో కూర్చబడిన ఒక్కొక్క పాదము శరీరభారమునంతయు జీవితాంతము మోయుచున్నది.

ఆ ప్రాంగణమునకు చేరువనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ కలదు. విశ్వవిద్యాలయమును ఈ సంస్థయు పుట్టినది ఒకే సంవత్సరమున, 1918లో. సంస్థకు పుట్టినిల్లు నీలగిరులలోని కూనూరు. రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు అచ్చట ఒక్క గదిలో దీనిని ఆరంభించెను. 1958లో ఇది హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో నేటి పేరు పొందినది. బెరిబెరి ప్రధానముగా మరపట్టిన తెల్లబియ్యముపైననే ఆధారపడిన వారికి బి1 విటమిను లోపించుటచే వచ్చు వ్యాధి. కొందరికి కాళ్ళు మొద్దుబారును, కొందరికి వాచును.

ఆ సంస్థలోనే పనిచేసి, తరువాత హైదరాబాదులో దానికి సంచాలకులైన డాక్టరు సి. గోపాలన్, 1946లో అరికాళ్ళ మంటలను గూర్చి ఒక పరిశోధన ప్రకటించిరి. వైద్య గ్రంథములలో ఆ వ్యాధికి నేటికిని ఆయన పేరు జోడింపబడియున్నది. ఆ రోగుల మంట అరికాలిలో పుట్టినదే గాని, దాని కారణము అరికాలిలో లేదు, కంచములో ఉన్నది. పోషకాహారలోపమే అచ్చట మంటగా పలికినది. ఈనాడు అరికాళ్ళ మంటలకు మధుమేహము, బి12 విటమిను లోపము, మద్యపానము, మూత్రపిండముల వ్యాధి మొదలగునవి కారణములగుచున్నవి. కావున మంట విడువక బాధించునప్పుడు లేపనములతో కాలము గడపక, రక్తపరీక్ష చేయించుకొనవలెను.

కాలి బాధలన్నియు భయపడదగినవి కావు. ప్రొద్దుట మంచము దిగి తొలి అడుగు వేయగానే మడమలో సూదితో పొడిచినట్లుండి, నాలుగడుగులు నడచిన పిమ్మట తగ్గు నొప్పి చాలమందికి కలదు. అరికాలి క్రింద మడమ నుండి వ్రేళ్ళ వరకు సాగిన పట్టీ ఒత్తిడికి లోనగుటయే దీనికి కారణము. మెత్తని చెప్పులు ధరించుట, గట్టి గచ్చుపై వట్టికాళ్ళతో నిలువకుండుట, పిక్కను అరికాలిని సాగదీయు వ్యాయామము ప్రతిదినము చేయుట మేలుచేయును. చాలమందికి కొన్ని నెలలలో ఇది శమించును. కొన్ని వారములకును మార్పు కానరానిచో వైద్యుని చూడవలెను. ఆనెకాయలకు బిగుతు చెప్పులే తరచుగా మూలము; చెప్పు మార్చక కాయను కోసినంత మాత్రమున అది మరల పెరుగును. గోరును గుండ్రముగా లోతునకు తీయక, తిన్నగా కత్తిరించినచో అది కండలోనికి దిగదు.

చీలమండ బెణికినప్పుడు పల్లెలలో వెంటనే చమురు రాచి గట్టిగా మర్దించుట అలవాటు. ఇది తగదు. తొలి రెండు మూడు దినములు విశ్రాంతి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డతో కాపడము, సాగు గుడ్డతో కట్టు, కాలిని దిండుపై ఎత్తి ఉంచుట చాలును. ఎముక విరిగినదో లేదో అనుమానించుటకు కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ఒక సులభమైన సూత్రము ప్రకటించిరి. దెబ్బ తగిలిన పిమ్మట నాలుగు అడుగులైనను వేయలేకపోయినను, చీలమండ ఎముకల వెనుక అంచున నొక్కినప్పుడు నొప్పి కలిగినను ఎక్స్‌రే తీయించవలెను. పాదము వంకర తిరిగినను, వ్రేళ్ళు చల్లబడినను, మడమ వెనుక ఎవరో తన్నినట్లు ఫట్టుమని తెగిన భావము కలిగినను ఒక్క దినమైనను ఆగరాదు.

ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొప్పి పెట్టుచున్నచో రక్తనాళములో గడ్డ ఏర్పడి ఉండవచ్చును. అది ఆనాడే చూపవలసినది. దానితో ఆయాసము కూడ కలిగినచో ప్రాణాపాయము. రెండు పాదములును వాచినప్పుడు గుండెను, మూత్రపిండములను, కాలేయమును పరీక్షింపవలెను.

ఇన్నింటికంటె అపాయకరమైన పాదము మఱియొకటి కలదు. అది నొప్పి పెట్టని పాదము. 1946లోనే వేలూరు వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల వ్రేళ్ళు పోవుటకు హేతువు వ్యాధి కండను తినుట కాదనియు, నొప్పి తెలియక తగిలిన గాయములను వారు లెక్కచేయకపోవుటయే అనియు లోకమునకు చూపిరి. ఈనాడు మధుమేహ రోగులలో అనేకులకు ఇదే గతి పట్టుచున్నది. నడచుచుండగా చెప్పు జారిపోయినను తెలియదు. పొలములో ముల్లు దిగినను, వేసవి మధ్యాహ్నమున గుడిచుట్టు ప్రదక్షిణములో బొబ్బలెక్కినను తెలియదు. నొప్పి లేదు గనుక గాయమే లేదనుకొందురు. పుండు లోతునకు పోయి ఎముకను తాకిన పిమ్మట గాని ఆసుపత్రికి రారు. అప్పటికి వైద్యుని చేతిలో మిగులునది కత్తి మాత్రమే.

అందుచే మధుమేహము కలవారు ప్రతిరాత్రి పాదములను, వ్రేళ్ళ సందులను చూచుకొనవలెను. కనబడనిచో అద్దము పెట్టుకొనవలెను. చూపు ఆననిచో మనుమలచేత చూపించుకొనవలెను. చెప్పులను దులిపి తొడుగుకొనవలెను. ఇంటిలోనైనను వట్టికాళ్ళతో తిరుగరాదు. తిమ్మిరికని వేడినీళ్ళలో పాదములుంచరాదు. ఆనెలను బ్లేడుతో చెక్కరాదు. ఏడాదికొకసారి వైద్యునిచే స్పర్శ పరీక్ష చేయించుకొనవలెను. సన్నని నైలాను పోగును అరికాలికి ఆనించి చేయు ఆ పరీక్షకు కొద్ది నిమిషములు చాలును. చిన్న పుండైనను, పొక్కైనను, నొప్పిలేని ఎఱ్ఱని వాపైనను కనబడిన దినముననే ఆసుపత్రికి పోవలెను.

బాధపెట్టు కాలు కేకవేసి పిలుచు చుట్టము వంటిది; దాని మాట ఎట్లును వినబడును. మూగబోయిన కాలికి మాత్రము కన్నులే చెవులు కావలెను.

ఈ గ్రంథాలయమునకు వచ్చువారందరును వాకిట చెప్పులు విడచి లోనికి వచ్చెదరు. ఆ క్షణమున ఒక్కమారు వంగి అరికాలిని చూచుకొనుట కూడ అలవాటైనచో, ఇచ్చట చదివిన పుస్తకములతోబాటు ఆ చూపును కొందరి కాళ్ళను నిలబెట్టును.