బండి మీద వంటిల్లు



ఈ రోజు మనం బండి గురించి మాట్లాడుకుందాం. రోజూ చూసే టిఫిన్ బండి.

మన విశాఖపట్నం ఓడరేవును 1933లో తెరిచారు. ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. ఓడ సరుకు దించాలన్నా, ఇనుము కరగాలన్నా రాత్రీ పగలూ పని సాగాలి. పనికి పోయేవాళ్ళకు తెల్లారేసరికి ఏదో ఒకటి కడుపులో పడాలి. పెద్ద హోటల్లో కూర్చుని తినే తీరిక ఉండదు. అంత డబ్బూ ఉండదు. వాళ్ళ ఆకలి తీర్చేది బండే.

ఆ బండిని ఒకసారి పరీక్షగా చూడండి. కింద చక్రాలు. పైన రేకు పరిచిన బల్ల. ఒక పక్క ఇడ్లీ పాత్ర, ఇంకో పక్క పెనం. చట్నీ గిన్నె చేతికి అందేలా ఉంటుంది. కింద అరలో పిండి, నీళ్ళు, గ్యాస్ బండ. వంటిల్లంతా మంచమంత చోటులో ఇమిడిపోయింది!

ఇలాంటి బండి అమెరికాలోనూ ఉంది. అక్కడ టెక్సాస్ అనే రాష్ట్రంలో పశువుల మందల్ని అమ్మడానికి వందల మైళ్ళు తోలుకుపోయేవారు. నెలల తరబడి ప్రయాణం. దారిలో ఊళ్ళు తక్కువ. మరి తిండి ఎలా? 1866లో చార్లెస్ గుడ్‌నైట్ అనే పశువుల ఆసామి ఒక పాత మిలిటరీ బండి తీసుకున్నాడు. దాని వెనక చెక్కపెట్టె బిగించాడు. పెట్టెలో అరలు, సొరుగులు. వాటిలో ఉప్పు, కాఫీ, చిక్కుడు గింజలు. పెట్టె తలుపు కిందికి దించితే అదే వంట బల్ల!

దాన్ని 'చక్ వాగన్' అన్నారు. చక్ అంటే వాళ్ళ వాడుక మాటలో తిండి. బండి అడుగున ఒక తోలు వేలాడదీసేవారు. అందులో ఏం వేసేవారో తెలుసా? కట్టెలు, ఎండిన పేడ. మన పిడకల్లాంటివే అనుకోండి. రాత్రి పడుకునే ముందు బండి నొగను ధ్రువనక్షత్రం వైపు తిప్పి పెట్టేవారు. తెల్లారాక ఉత్తరం ఎటో దాన్నిబట్టి తెలిసేది.

తర్వాత రైళ్ళు వచ్చాయి. ఆ ప్రయాణాలు ఆగిపోయాయి. బండి మాత్రం పోలేదు. ఇప్పటికీ పాత బండ్లను బాగుచేసుకుని వంటల పోటీలకు తెస్తారు. 2005లో టెక్సాస్ దాన్ని తమ రాష్ట్ర వాహనంగా ప్రకటించింది.

మరి మన బండికో? "రోడ్డుకు అడ్డం" అంటారు. అక్కడే పునుగులు తిన్నవాళ్ళు కూడా అంటారు! బండి పట్టుకుపోతే ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

కానీ మన వైపు చట్టం ఉంది. వీధిలో వ్యాపారం చేసుకోవడం కూడా హక్కేనని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి హద్దులు పెట్టవచ్చని కూడా చెప్పింది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం ముందు సర్వే చేయాలి. అర్హులకు సర్టిఫికెట్ ఇవ్వాలి. అంతవరకూ ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాతైనా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పట్టణ కమిటీలో 100కి 40 మందికి తక్కువ కాకుండా వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి.

గడువు దాటాక సామాను పట్టుకుపోయినా, జాబితా రాసి మీకు ఒక కాపీ ఇవ్వాలి. రుసుము కట్టి అడిగితే, పాడైపోయే సరుకు అదే రోజు తిరిగి ఇవ్వాలి. మిగతావి రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఆ కాపీ చేతికి రాగానే అక్కడే నిలబడి చదవండి. గరిటె దగ్గర్నుంచి గ్యాస్ బండ దాకా అన్నీ రాశారో లేదో చూసుకోండి.