మూడు గీతల త్రికోణం

ఇవాళ పట్టా పుచ్చుకున్న పిల్లలందరికీ నా ఆశీస్సులు.

18వ శతాబ్దంలో ఇక్కడ ఓడల రేవు కట్టడానికి పూనుకున్న ఇంజనీరు కల్నల్ హెన్రీ వాట్సన్ పేరు మీదే ఈ పేట వాట్‌గంజ్ అయింది. పక్కనే 1892లో తెరిచిన ఖిదిర్‌పూర్ డాక్ ఉంది. ఓడలకు దారి చూపడం తరతరాల వృత్తిగా సాగిన ఈ హుగ్లీ నది ఒడ్డున, వైమానిక దళంలో నావిగేటర్‌గా పనిచేసిన నేను మీ ముందు నిలబడటం నా భాగ్యం.

మా ఊళ్ళో అమ్మ గొల్లకావడి చుక్కలు ఎంత వాలాయో చూసి, తెల్లవారడానికి ఎంత పొద్దుందో చెప్పేది. బేగంపేటలో శిక్షణకు చేరాక, చుక్కల ఎత్తును సెక్స్‌టంట్‌తో కొలవడం నేర్చుకున్నాను. ఒక చుక్కను కొలిస్తే మ్యాపు మీద ఒక గీత వస్తుంది. ఆ గీత మీద ఎక్కడో ఒకచోట మనం ఉన్నామన్నమాట. రెండో చుక్క రెండో గీతనిస్తుంది. మూడోది కూడా గీస్తే, మూడూ ఒకే బిందువులో కలవడం అరుదు. మధ్యలో చిన్న త్రికోణం మిగులుతుంది. అది పెద్దదైతే ఎక్కడో తప్పు దొర్లినట్టే. మా సందేహం ఎంతో మా కళ్ళెదుటే పెన్సిలు గీతల్లో కనబడేది.

దిశలో ఒక్క డిగ్రీ తేడా వస్తే, అరవై మైళ్ళు వెళ్ళేసరికి మైలు పక్కకు పోతాం. రెండు వేల కిలోమీటర్లు వెళితే ఆ తేడా 35 కిలోమీటర్లు. 1988 నవంబర్ 3 రాత్రి ఆగ్రా నుంచి మాల్దీవులకు మన సైనికులను మోసుకెళ్ళిన ఐఎల్-76 విమానాల్లో, ముక్కు దగ్గరి గాజు గదిలో కూర్చున్న నావిగేటర్ల భుజాల మీద ఆ లెక్కంతా ఉంది.

నేను ఎక్కువగా ఎగిరింది ఏఎన్-32 విమానంలో. కొత్తలో ఒకసారి అస్సాం మీద, మబ్బుల సందులోంచి కనబడ్డ నదీపాయను చూసి ఫలానా చోటని కెప్టెన్‌కు చెప్పేశాను. గడియారం, వేగం లెక్క వేరే చోటు చెబుతున్నా, కంటికి కనబడ్డదాన్నే నమ్మాను. బ్రహ్మపుత్ర ఇసుక దిబ్బలు వరద వరదకూ మారిపోతాయి. నా చేతిలోని మ్యాపు మారలేదు. మరో ఆనవాలు కనబడగానే, "తప్పు చెప్పాను సార్, దిశ మార్చాలి" అన్నాను. ఆయన మారుమాట లేకుండా మళ్ళించారు. దిగాక మాత్రం, తప్పు తెలిసిన మరుక్షణం చెప్పడమే నీ ఉద్యోగం అన్నారు.

తర్వాత కాలం వేగంగా మారింది. 1995 నాటికి జీపీఎస్ పూర్తిస్థాయిలో పనిచేయసాగింది. 2013 జులై 1న జీపీఎస్ లాంటి మన నావిక్ వ్యవస్థలో తొలి ఉపగ్రహం శ్రీహరికోట నుంచి ఎగిరింది. 2011లో మన దళంలోకి వచ్చిన సీ-130జె విమానాన్ని ఇద్దరు పైలట్లే నడుపుకోగలిగేలా కట్టారు. నా కుర్చీ అవసరం తగ్గిపోయిందని తెలిసి బాధపడ్డాను. కానీ ఆ ఉపగ్రహాల వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో తెలిసినవాణ్ణి. వాటికి చేతులెత్తి మొక్కుతాను.

నా బెంగ మరొకటి. తెర మీద ఒక్క చుక్క వెలుగుతుంది, దాని చుట్టూ త్రికోణం కనబడదు. ఉపగ్రహ సంకేతం నేలకు చేరేసరికి చాలా బలహీనపడుతుంది. దాన్ని నేల మీది యంత్రంతో ముంచెయ్యవచ్చు, దొంగ సంకేతంతో ఏమార్చనూ వచ్చు. అప్పుడూ ఆ చుక్క అంతే ధీమాగా వెలుగుతూ ఉండవచ్చు.

ఈ హుగ్లీనే చూడండి. ఓడ ఎక్కడుందో ఉపగ్రహం చెబుతుంది. అయినా సముద్రం నుంచి ఈ రేవుకు వచ్చే ఓడలోకి ఇప్పటికీ నదిలో దారి చూపే పైలట్ ఎక్కుతాడు. అడుగున ఇసుక ఎటు జరిగిందో నదిని రోజూ ఎరిగినవాడే చెప్పాలి కదా.

రేపు మీ కొలువుల్లో యంత్రం మీకు చటుక్కున జవాబిస్తుంది. తీసుకోండి. దానితో సంబంధం లేని మరో రెండు గీతలు మీరే గీయండి. త్రికోణం పెద్దదైతే దాచకండి, పైవాళ్ళకు వెంటనే చెప్పండి.

మా అమ్మ గొల్లకావడిని చూసి లేచేది. కానీ కోడి కూశాకే పొయ్యి రాజేసేది. ఆకాశం చెప్పిందీ నేల చెప్పిందీ ఒక్కటైతేనే ఆమెకు తెల్లవారినట్టు.