పాఠముయొక్క పాకము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఊరి లెక్కలు వ్రాసికొనువాడు చదువులను గూర్చి మాటలాడుట యేమని కొందరికి తోపవచ్చును. నేను పట్టభద్రుడను గాను. నాకు వచ్చిన నాలుగు శ్లోకములును, పది పద్యములును పుస్తకములు ముందు వేసికొని, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని కూడబలుకుకొన్నవే. అయినను ఇరువదియైదేండ్లుగా సాయంకాలము ఈ గ్రంథాలయపు అరుగుమీద కూర్చుండుటచే ఒక ప్రశ్న తరచుగా నా చెవిని పడుచున్నది. వేసవి సెలవులు ముగియవచ్చు వేళకు తండ్రులు దరఖాస్తు కాగితములు పట్టుకొని వచ్చి, "మావాణ్ణి పెద్ద సెక్షన్లో వేయమంటారా, మామూలు దాంట్లో వేయమంటారా?" అని అడుగుదురు. ఆ కాగితముమీద పెట్టు చిన్న గీత పిల్లవాని నాలుగైదేండ్ల జీవితమును నిర్ణయించును. ఉన్నత పాఠశాలలో చదువు పిల్లలకు ఏ పాఠము ఎంత కఠినముగా నుండవలెను, దానిని ఎట్లు తెలిసికొనవలెను అనునదే నేటి నా విషయము.

మన ఆలంకారికులు కావ్యములను ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని విభజించిరి. ద్రాక్షపండు నోట వేసికొన్నంతనే రసమిచ్చును. అరటిపండునకు తొక్క తీయవలయును. కొబ్బరికాయకు పీచు ఒలువవలె, పెంకు పగులగొట్టవలె. అప్పుడు గాని నీరును కొబ్బరియు దొరకవు. అయినను ద్రాక్షాపాకమని కాళిదాసును చులకన చేసినవారు లేరు. నారికేళపాకమని భారవిని త్రోసివేసినవారును లేరు. మూడును ఆహారములే. ఎవరికి, ఎప్పుడు, ఏ చేతిమీదుగా పెట్టుదుమన్నదే ప్రశ్న.

ఈ భారవి కిరాతార్జునీయమునకు వ్యాఖ్య వ్రాసినవాడు తెలుగువాడైన కోలాచలము మల్లినాథసూరి. నేటి మెదక్ జిల్లాలోని కొల్చారము ఆయన ఊరని చెప్పుదురు. ఆ వ్యాఖ్యకు ఆయన పెట్టిన పేరు ఘంటాపథము, అనగా రాజమార్గము. భారవి శ్లోకములో ఒక్క అక్షరమునైనను మల్లినాథుడు తగ్గింపలేదు, తేలిక చేయలేదు. నడుచుటకు దారి వేసెను, అంతే. కఠినత గ్రంథమునందు మాత్రమే యుండునని మనము భ్రమపడుదుము. ప్రక్కన కూర్చుండి కొబ్బరికాయ కొట్టిపెట్టువాడు ఉన్నాడా, లేడా? కఠినతలో సగపాలు అక్కడనే యున్నది.

ఇప్పుడు మన పిల్లల సంగతికి వత్తము. పట్టణములలోని ప్రైవేటు పాఠశాలలు కొన్ని ఆరవ తరగతినుండియే ఐ.ఐ.టి. ఫౌండేషన్, ఒలింపియాడ్ అని సెక్షనులు ఏర్పరచినవి. ఫీజు ఎక్కువ, పుస్తకములు లావు. మన ఊరినుండి బస్సులో పోవు బాలుడొకడు ఎనిమిదవ తరగతిలో అట్టి సెక్షనున నుండెను. వాని సంచిలోని పుస్తకమున పై తరగతులవారు చదువవలసిన సూత్రము లెన్నియో యున్నవి. వాడు వానిని అప్పగించుచుండెను కూడ. ఒకనాడు నేను, "ముప్పాతిక ఎకరములో మూడింట రెండు వంతులు అనగా ఎన్ని సెంట్లురా?" అని అడిగితిని. కాగితముమీద భిన్నములు వేసి హెచ్చించెను. లవము, హారము సరిగానే వచ్చినవి. అది ఎన్ని సెంట్లో చెప్పలేకపోయెను. ప్రక్కన బీడీ కాల్చుకొనుచున్న వాని తాత చదువురానివాడు. "అరెకరంరా, యాభై సెంట్లు" అనెను. పిల్లవానికి తెలివి లేదని నేననను. వానికి కొబ్బరికాయ నిచ్చిరి గాని కొట్టి చూపువారు లేరు. ఉదయము ఆరుగంటల బస్సు, రాత్రి ఏడుగంటలకు ఇల్లు, ఇంట చెప్పువారు లేరు. వాడు చేయగలిగినది పీచును నాకుట.

తండ్రి ఆ సెక్షను మాన్పించుటకు సులభముగా ఒప్పుకొనలేదు. ఊరిలో మాట పడిపోవునని ఆయన భయము. చివరకు మామూలు సెక్షనునకు మారిన తరువాత, పింఛను పుచ్చుకొనుచున్న మన ఊరి ఉపాధ్యాయుడొకరును నేనును వానిని ఆరవ తరగతి గణితమువద్దకు తీసికొనిపోయితిమి. ఆరు నెలలు పట్టినది. వాడు గొప్ప ర్యాంకరయ్యెనని చెప్పను. లెక్కయన్న భయము పోయినది. ఇంగ్లీషు ఇంకను కుంటుచున్నది.

దీనికి ఎదురైన తప్పును కలదు. దానిని ఎవరును తప్పని గుర్తింపరు గనుక అది మరింత చెరుపు. సి.బి.ఎస్.ఇ. బోర్డువారి పదవ తరగతి గణితమునకు 2020 పరీక్షలనుండి రెండు ప్రశ్నపత్రములు వచ్చినవి: ఒకటి స్టాండర్డ్, రెండవది బేసిక్. నవోదయ, కేంద్రీయ విద్యాలయములు ఈ బోర్డునకు చెందినవే గనుక ఇది మన పల్లెలకును తగులు విషయమే. పాఠ్యాంశములు రెండింటికిని ఒక్కటే. తరగతిలో బోధనయు ఒక్కటే. ప్రశ్నల కఠినత మాత్రమే వేరు. పైన గణితము చదువదలచినవారు స్టాండర్డ్, అక్కరలేనివారు బేసిక్ వ్రాయవలెనని ఉద్దేశము. బేసిక్ వ్రాసినవారికి పదునొకండవ తరగతిలో గణితము ఇయ్యరాదని మొదట నియమించి, పిమ్మట కొన్ని సంవత్సరములు ఆ నియమమును సడలించిరి. కావున చేరబోవు చోట ముందే అడిగి తెలిసికొనుట మంచిది. బేసిక్ గట్టెక్కిన పిమ్మట మనసు మారినచో స్టాండర్డ్ పరీక్ష వ్రాసికొనుటకు త్రోవ కలదు గాని, ఆ శ్రమ మరల పడువారెందరు?

ఈ విభాగము కొత్తది గాదు. 1960ల నాటి మన ఉన్నత పాఠశాలలలో జనరల్ గణితము, కాంపోజిట్ గణితము అని రెండుండుట ఆ తరమువారెరుగుదురు. ఇంజనీరింగువైపు పోదలచినవారు కాంపోజిట్ తీసికొనుచుండిరి. పదునాలుగేండ్ల పిల్లవాడు పెట్టిన టిక్కు పదునెనిమిదవ యేట తలుపై అడ్డము వచ్చుట నాడును కలదు, నేడును కలదు. 2020 జాతీయ విద్యావిధానములో గణితముతో మొదలుపెట్టి విషయములను రెండు స్థాయిలలో పెట్టవచ్చునను సూచన యున్నది గనుక ఈ ప్రశ్న ముందుముందు మరిన్ని ఇండ్లకు వచ్చును.

నన్ను బాధించు సంగతి యొకటి చెప్పెదను. తేలికదానిలో వేయబడువారిలో తెలివి తక్కువవారే యుందురనుకొనకుడు. "ఆడపిల్లకు అంత లెక్కలెందుకు" అని తండ్రి, "బస్సు దిగి ట్యూషనుకు ఎవరు పంపుతారు" అని తల్లి. ఇట్లు బస్సు వేళను బట్టి, చీకటిని బట్టి బాలిక గణితస్థాయి నిర్ణయమగుచున్నది. మన సంఘపు చిట్టాలో వడ్డీ కూడికలోని పొరపాటును నాకు చూపిన బాలిక యొకతె కలదు. ఆ చిట్టా నాకు ముందు ముగ్గురు తనిఖీదారులు చూచినదే. ఆమె నవోదయ నుండి సెలవులకు వచ్చినప్పుడు, బేసిక్‌కు పేరు ఇచ్చినదని తెలిసి నేను వారి తండ్రిగారితో రెండు సాయంకాలములు కూర్చుంటిని. పేర్లు పంపు గడువింకను మిగిలియుండెను. ఆమె స్టాండర్డ్ వ్రాసినది.

తేలికస్థాయి యనగా చెడ్డదని నా యభిప్రాయము గాదు. భట్టోజీదీక్షితులు పాణిని సూత్రములు సుమారు నాలుగువేలను సిద్ధాంతకౌముదిగా కూర్చగా, ఆయన శిష్యుడు వరదరాజు దానిని మధ్యకౌముదిగాను, మరల పండ్రెండువందల పైచిలుకు సూత్రములతో లఘుకౌముదిగాను సంగ్రహించెను. వ్యాకరణము మొదలుపెట్టువారు నేటికిని లఘుకౌముదియే పట్టుదురు. అందు సూత్రములు తక్కువ గాని, ఉన్నది పాణిని సూత్రమే. పైకి పోయినప్పుడు మరచిపోవలసినది ఒక్కటియు లేదు. మంచి తేలికస్థాయికి ఇదియే గుర్తు. పై మెట్టునకు పోవు త్రోవ తెరచియున్నదా, లేక గోడ కట్టియున్నదా అని చూడవలెను. ఇక పేర్లను చూచి మోసపోరాదు. చిన్నయసూరిగారు 1858లో ప్రకటించినది బాలవ్యాకరణము. బాల యను మాట చూచి పిల్లల పుస్తకమని తెరచినవారికి ఏమగునో నేనెరుగుదును. మొదటి పరిచ్ఛేదము దాటుటకు నాకు ఒక వర్షాకాలము పట్టినది. బహుజనపల్లి సీతారామాచార్యులవారి ప్రౌఢవ్యాకరణము 1885లో వచ్చినది. బాలమును గడచినవారే ప్రౌఢమునకు పోదురు. ఫౌండేషన్ అని అట్టమీద ఉన్నంత మాత్రాన అది పునాది కాదు.

మరి ఎట్లు కొలువవలెను? మేము ఇచ్చట అనుసరించుచున్న పద్ధతి చెప్పెదను. ఇది శాస్త్రము గాదు, అరుగుమీది అనుభవము. ఏ స్థాయిలో చేర్పదలచితిరో ఆ పుస్తకమునుండి, పిల్లవాడు చదివితినన్న అధ్యాయములలో పది లెక్కలు ఏరి, ఒక గంటసేపు వానిని ఒంటరిగా విడువుడు. తొమ్మిదో పదో చేసినచో ఆ పుస్తకము వానికి ద్రాక్ష. ఇంకొక మెట్టు ఎక్కింపవచ్చును. రెండో మూడో చేసినచో వద్దు. అయిదారు తనంతట చేసి, తక్కినవానిలో మొదటి అడుగు చూపగానే ముందునకు సాగినచో అదియే వాని స్థాయి. లెక్క రానప్పుడు వాడేమి చేయునో కూడ చూడుడు. కొట్టివేసి మరల వేయుచున్నాడా, పుస్తకము చివర జవాబు వెదకుచున్నాడా? మొదటివాడు మార్కులు తక్కువైనను పై స్థాయిని ఓర్చుకొనును.

రాత్రి ఎనిమిదిగంటలకు సందేహము వచ్చినచో అడుగుటకు మనిషి ఎవడన్న ప్రశ్నకును జవాబు వ్రాసికొనుడు. పేరు దొరకనిచో ఆ మనిషిని ముందు సంపాదించుడు, స్థాయి తరువాత.

అన్ని విషయములకును ఒకే స్థాయి పట్టుకొనుట మరియొక అలవాటు. మాగాణికిని మెట్టకును ఒకే పైరు వేయు రైతు కలడా? అమెరికాలో నున్న మనవారి పిల్లలను చూడుడు. అచ్చటి ఉన్నత పాఠశాలలలో ఒకే విషయమును మామూలుగాను, ఆనర్సుగాను, ఏ.పి.గాను చెప్పుదురు. ఏ.పి. యనగానే మనకు ఆంధ్రప్రదేశ్ తోచును గాని, అది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కళాశాల స్థాయి పాఠము. మే నెలలో పరీక్ష పెట్టి 1 నుండి 5 వరకు అంకె వేయుదురు. ఒక బాలిక గణితము ఏ.పి.లోను, చరిత్ర మామూలు తరగతిలోను చదువుకొనవచ్చును. అచ్చటను మనవారు అన్నియు ఏ.పి.యే కావలెనని పిల్లల నిద్ర చెరుపుదురని వినికిడి. ఆ గుణము సముద్రము దాటినను పోదు కాబోలు.

మన ఇంటర్మీడియటులో సంస్కృతము సంగతి చెప్పక విడువజాలను. చాలమంది దానిని రెండవ భాషగా తీసికొనుచున్నారు. రఘువంశముమీది ప్రేమచే గాదు, మార్కులు సులువుగా వచ్చునని. నాబోటి సంస్కృతాభిమానికి ఇది ఎట్లుండునన, చుట్టములు భోజనమునకు గాక మన ఇంట ఫ్యానున్నదని వచ్చినట్లుండును. అయినను వారిని నిందింపను. వైద్యవిద్యకు సిద్ధపడు పిల్లవాడు ఒకచోట బరువు తగ్గించుకొని వేరొకచోట మోయుట జమాఖర్చు తెలిసినవాని పనియే. కాని తెలుగు చక్కగా వ్రాయగల పిల్లను, పద్యము చదువగా కన్నులు మెరయు పిల్లను, పది మార్కులకొరకు దానినుండి లాగివేయుట మాత్రము నష్టపు బేరము. దానిని ఖర్చు పద్దున వ్రాయువారు లేరు.

ఇక మన గ్రంథాలయమునకు సంబంధించిన మాట. కార్యవర్గమువారు నా కోరికపై ఒక బీరువా ఖాళీ చేసిరి. అందు ఆరునుండి పదివరకు అన్ని తరగతుల గణిత, విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకములును, పాత ప్రశ్నపత్రములును ఉంచెదము. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పుస్తకములు ఉచితముగా దింపుకొనుటకు దొరకును. వారి ఎగ్జెంప్లర్ అను లెక్కల పుస్తకములు కొంచెము గట్టివి. అవి పై అరలోనుండును. శనివారము సాయంకాలము ఇద్దరు పెద్దవారు అచ్చట కూర్చుందురు. బాలికలను చీకటి పడకముందే ఇండ్లకు చేర్చు బాధ్యత మాది. మీ యటకలమీద పడియున్న పాత పుస్తకములు తెచ్చి ఇండు. ఆరవ, ఏడవ తరగతుల గణితము ఎక్కువ ప్రతులు కావలెను. తొమ్మిదవ తరగతివాడు ఆరవ తరగతి పుస్తకము చేత పట్టుకొని వీధిలో నడచుటకు సిగ్గుపడును గనుక, వానికన్నిటికిని గోధుమరంగు కాగితపు అట్టలు వేసి, తరగతి అంకె కనబడకుండ చేయుచున్నాము. నూరు అట్టలకు సరిపడు కాగితము తక్కువైనది. ఎవరైన ఇప్పించినచో నేడే పద్దు వ్రాసికొందును.