చీకటి సముద్రమున జీవము



ఏడుపాయల వద్ద చీలి పారు మంజీర గోదావరిలో కలిసి, తుదకు బంగాళాఖాతమును చేరుచున్నది. సముద్రమున 1,000 మీటర్లకు దిగువ సూర్యకాంతి చొరదు. వెలుతురు లేనిచోట పైరు లేదు. పైరు లేనిదే ప్రాణి బ్రతుకదు. కావున అగాధజీవులు పైనుండి రాలు ఆహారముతోనే జీవించునని శాస్త్రజ్ఞులు చిరకాలము తలచిరి.

1977లో గలపాగోస్ దీవుల చెంత, సుమారు 2,500 మీటర్ల లోతున, ఆల్విన్ అను జలాంతర్నౌకలో దిగినవారు వేడినీటి ఊటలను చూచిరి. వాటిచుట్టు నోరుగాని పొట్టగాని లేని గొట్టపు పురుగులు గుంపులుగా నుండెను. వాటి దేహమందలి సూక్ష్మజీవులే హైడ్రోజన్ సల్ఫైడు వలన శక్తిని పొంది వాటికి అన్నము వండిపెట్టుచున్నవి. ఆ పురుగులు పీల్చు ప్రాణవాయువు మాత్రము సూర్యుని చలువయే. కాని ప్రాణవాయువుతో పనిలేక, హైడ్రోజనుతో బ్రతుకు సూక్ష్మజీవులును అట్టి ఊటలయందు గలవు.

శనిగ్రహపు ఉపగ్రహమగు ఎన్‌సెలడస్ చిమ్ము నీటియావిరిలో హైడ్రోజను గలదని 2017లో ప్రకటించిరి. గురుగ్రహపు యూరోపాపై మంచుపొర క్రింద సముద్రమున్నట్లు బలమైన ఆధారములు గలవు. దానిని పరిశీలింప 2024 అక్టోబరులో బయలుదేరిన నౌక 2030లో గురుగ్రహమును చేరవలసియున్నది.

అయినను ఆహారమున్నంతనే అతిథి యున్నాడనరాదు. 2005లో హైదరాబాదునుండి ఎగురవేసిన బెలూను 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తునగల గాలిని పట్టితెచ్చెను. అందు మూడు క్రొత్త బాక్టీరియా జాతులు దొరికినవి. అవి భూమికి వెలుపలివని మాత్రము శాస్త్రజ్ఞులు నిర్ధారింపలేదు.

రేపు యూరోపా వార్తలను చదువబోవు బాలబాలికలు “ఆధారమేది?” అని యడుగుట ఈ గ్రంథాలయమునందే నేర్తురు గాక!